పార్కింగ్‌లో ప్లగ్గు.. ఎవరి పద్దు?

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో లిఫ్టు పక్కన గోడకు ఒక పవర్ సాకెట్టు ఉంటుంది. సంపు శుభ్రం చేసే మోటారుకో, వినాయక చవితి పందిరి దీపాలకో పనికివస్తుందని భవనం కట్టినవారు దాన్ని అమర్చి ఉంటారు. ఏళ్ల తరబడి దానిని ఎవరూ పట్టించుకోరు. ఒకనాడు పై అంతస్తులోని కుటుంబం విద్యుత్తు కారు కొంటుంది. ఆ రాత్రి నుంచి సాకెట్టుకు ఒక నల్లటి తీగ వేలాడుతుంది. నెల తిరిగి కామన్ మీటరు బిల్లు వచ్చేసరికి వివాదం మొదలవుతుంది. 'మీ కారు కరెంటుకు మేమెందుకు కట్టాలండీ?' అని ఒకరు అడుగుతారు. 'కింది అంతస్తులో ఉన్న మీరు లిఫ్టు ఎక్కకపోయినా లిఫ్టు ఖర్చు పంచుకోవడం లేదా?' అని మరొకరు సర్దిచెప్పబోతారు. వాచ్‌మన్‌కు మాత్రం రాత్రి పదింటికి ఆ స్విచ్చి కట్టేయమని ఒకరు, వేసి ఉంచమని మరొకరు చెబుతుంటారు.

నగరాలకే పరిమితమనుకున్న ఈ తగవు ఇప్పుడు జిల్లా కేంద్రాలకు, మోస్తరు పట్టణాలకు పాకింది. అపార్ట్‌మెంట్లలోనే కాదు. కల్యాణ మండపాలు, ఆసుపత్రులు, సత్రాలు, కార్యాలయాల వాహన నిలుపుదల స్థలాల్లోనూ గోడకున్న సాకెట్టు కనిపిస్తే ప్లగ్గు పెట్టుకోవచ్చా అన్న సందేహం వాహనదారులను వెంటాడుతోంది. పెట్టుకోనిస్తే ఏమవుతుందోనన్న సందేహం యజమానులది. ఇందులో మూడు విషయాలు కలగలిసి ఉన్నాయి. ఆ విద్యుత్తు ఎవరి మీటరు మీద నడుస్తోంది, ఏ అవసరానికి మంజూరైంది, ఆ తీగ అంత భారాన్ని మోయగలదా అన్నవే ఆ మూడు. చాలా వాదనలు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాయి. అసలు ప్రమాదం మూడోదానిలో ఉంది.

సెల్‌ఫోన్‌తో పోలిక కుదరదు

రైల్వే స్టేషన్లలో, బస్టాండ్లలో ఫోన్ ఛార్జింగ్‌కు ఎవరూ డబ్బులు అడగరు కదా, కారుకు మాత్రం ఎందుకు అన్నది తరచూ వినిపించే వాదన. లెక్క చూస్తే తేడా తెలుస్తుంది. ఒక సెల్‌ఫోన్‌ను పూర్తిగా నింపడానికి యూనిట్‌లో సుమారు 50వ వంతు చాలు. ఒక కారు ఒక రాత్రిలో 30 యూనిట్ల వరకు తీసుకోగలదు. అంటే 1,500 ఫోన్లకు సరిపోయే విద్యుత్తు అన్నమాట. ఇంట్లో వాడే 15 ఆంపియర్ల సాకెట్టు నుంచి కారుతో వచ్చే చిన్న ఛార్జరు గంటకు దాదాపు 3.3 యూనిట్లు లాగుతుంది. 2020లో వచ్చిన నెక్సాన్ విద్యుత్తు కారు తొలి మోడల్ బ్యాటరీ సామర్థ్యం 30.2 యూనిట్లు. అది పది శాతం నుంచి తొంభై శాతానికి చేరడానికి ఈ సాకెట్టు మీద ఎనిమిది గంటలకు పైగా పడుతుంది.

నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగే కుటుంబాన్ని తీసుకుందాం. యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్ల చొప్పున వేసుకుంటే నెలకు సుమారు 180 యూనిట్లు ఖర్చవుతాయి. లీటరుకు 15 కిలోమీటర్లు వచ్చే పెట్రోలు కారుకు అదే దూరానికి 80 లీటర్లు కావాలి. లీటరు వంద రూపాయలు దాటిన ఈ రోజుల్లో ఆ ఖర్చు ఎనిమిది వేల పైమాటే. విద్యుత్తు ఖర్చు రెండు వేల లోపు ఉంటుంది. కారు యజమానికి ఇది పెద్ద ఆదా. పది కాపురాలున్న భవనంలో ఆ రెండు వేలు కామన్ మీటరుకు చేరితే తక్కిన తొమ్మిది కుటుంబాలకు నెలనెలా పడే భారం చిన్నదే కావచ్చు. అయినా అది వారు అంగీకరించిన భారం కాదు. రెండో కారు, మూడో కారు వచ్చాక ఇక చిన్నది కూడా కాదు.

సాకెట్టు మీదే నడిచిన తొలి కారు

మన దేశానికి ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 2001లో బెంగళూరులో విడుదలైన రేవా కారు మామూలు 15 ఆంపియర్ల ఇంటి ప్లగ్గుతోనే ఛార్జి అయ్యేది. ఒకసారి నింపితే సుమారు 80 కిలోమీటర్లు నడిచేది. లండన్ వీధుల్లో అదే కారు జీ-విజ్ పేరుతో తిరిగింది. ఆ రోజుల్లో రేవా యజమానులు ఊళ్లో ఎక్కడెక్కడ పవర్ ప్లగ్గు దొరుకుతుందో గుర్తుపెట్టుకుని తిరిగేవారు. అయితే రేవా బ్యాటరీ చిన్నది. పదో పరకో కార్లున్న కాలంలో ఎవరి విద్యుత్తు ఎవరు వాడారన్న లెక్క ఎవరికీ పట్టలేదు.

పార్కింగ్ స్థలాల్లో సాకెట్లు వరుసగా కనిపించే దేశం కెనడా. అయితే అవి కూడా విద్యుత్తు కార్ల కోసం పెట్టినవి కావు. అక్కడ శీతకాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 30 డిగ్రీల దిగువకు కూడా పడిపోతుంది. రాత్రంతా బయట నిలిపిన పెట్రోలు కారు ఇంజిను తెల్లవారి కదలదు. అందుకని ఇంజిను దిమ్మెకు చిన్న హీటరు అమర్చి, దాని తీగను పార్కింగ్ స్తంభానికున్న సాకెట్టుకు తగిలిస్తారు. ఆ హీటరు 400 నుంచి 1,000 వాట్లు తీసుకుంటుంది. అక్కడి సరఫరా 120 వోల్టులు. విద్యుత్తు కార్లు వచ్చాక కొందరు ఇదే సాకెట్టుకు కారు తగిలించారు. గంటకు 1.4 యూనిట్లకు మించి రాదు. రాత్రంతా ఉంచినా వంద కిలోమీటర్లు నిండవు. పైగా ఖర్చు తగ్గించడానికి చాలా చోట్ల ఈ సాకెట్లకు సరఫరాను విడతలవారీగా ఇస్తూ, ఆపుతూ ఉంటారు. ఒకే సర్క్యూటు మీద పక్కనున్న కారు హీటరు కూడా ఉంటే ఫ్యూజు ఎగిరిపోతుంది. అప్పుడు రెండు కార్లూ కదలవు.

2012లో ఒట్టావాలోని ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో ఇలాంటి సాకెట్టునే వాడుకున్న విద్యుత్తు కారు యజమానికి, నిర్వాహక సంఘానికి మధ్య వచ్చిన వివాదం అక్కడి పత్రికలకెక్కింది. విడిగా మీటరు పెట్టించుకో, లేదంటే సాకెట్టు ఆపేస్తామని సంఘం అంది. పెట్రోలు కార్ల హీటర్లకు లేని అభ్యంతరం నా కారుకేనా అని యజమాని ప్రశ్నించారు. మన సెల్లార్లలోని లిఫ్టు వాదనకు ఇది అచ్చంగా సోదరి.

ఐదు సెంట్లకు అరెస్టు

అంతకంటే విచిత్రమైన సంఘటన 2013 నవంబరులో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో జరిగింది. అట్లాంటా శివారు పట్టణం చాంబ్లీలో ఒక పాఠశాల ఆవరణలో కొడుకు టెన్నిస్ ఆడుతుండగా తండ్రి తన నిస్సాన్ లీఫ్ కారును బయటి గోడకున్న సాకెట్టుకు తగిలించారు. సుమారు 20 నిమిషాలు గడిచాయో లేదో పోలీసులు వచ్చారు. ఆయన వాడుకున్న విద్యుత్తు విలువ 5 సెంట్లు. ఆనాటి మారకం ప్రకారం మన లెక్కలో మూడు రూపాయలు. కొద్ది రోజుల తరువాత దొంగతనం అభియోగంపై ఆయనను అరెస్టు చేయగా, 15 గంటల పాటు జైలులో ఉన్నారు. మూడు రూపాయలకు ఇంత రాద్ధాంతమా అని కొందరు, మూడు రూపాయలైనా అడగకుండా తీసుకోవడం తప్పేనని కొందరు అప్పట్లో వాదించుకున్నారు. రెండో మాటలో న్యాయం లేకపోలేదు. కానీ పాఠశాల గోడకున్న సాకెట్టు అందరిదా, పాఠశాలదా అని ముందుగా చెప్పే బోర్డు ఒక్కటి అక్కడ ఉండి ఉంటే వ్యవహారం జైలు దాకా పోయేది కాదు.

మన చట్టం ఏమంటోంది?

మన దేశంలో విద్యుత్తు చౌర్యానికి ప్రత్యేక చట్టమే ఉంది. 2003 నాటి విద్యుత్తు చట్టంలో ఈ సందర్భానికి సంబంధించినవి రెండు సెక్షన్లు. 126వ సెక్షన్ అనధికార వినియోగానికి సంబంధించినది. ఏ అవసరానికి కనెక్షన్ మంజూరైందో దానికి కాక వేరేదానికి వాడితే, వర్తించవలసిన రేటుకు రెట్టింపు చొప్పున పంపిణీ సంస్థ లెక్కగట్టి వసూలు చేస్తుంది. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు పన్నెండు నెలలకు లెక్క వేస్తారు. 135వ సెక్షన్ దురుద్దేశంతో చేసే చౌర్యానికి సంబంధించినది. దీని కింద మూడేళ్ల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ విధించవచ్చు.

ఇక్కడ భయపడవలసినదెవరు, అక్కరలేనిదెవరు అన్నది విడదీసి చూడాలి. సొంత ఇంటి మీటరు మీద సొంత కారు ఛార్జి చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇంటి వద్ద ఛార్జింగ్‌ను గృహ వినియోగంగానే పరిగణించాలని, ఇళ్లలో, కార్యాలయాల్లో ఉన్న కనెక్షన్లనే ఇందుకు వాడుకోవచ్చని కేంద్ర విద్యుత్తు మంత్రిత్వశాఖ 2022 జనవరిలో జారీ చేసిన మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. దుకాణం, లాడ్జి, ఆసుపత్రి యజమాని తన సమ్మతితో అతిథి కారుకు ప్లగ్గు ఇస్తే చౌర్యమన్న మాట రాదు. అడగకుండా తగిలించుకుంటేనే చిక్కు. ప్రభుత్వ కార్యాలయ ప్రాంగణంలో నైతే అక్కడి గుమస్తా తలూపడం అనుమతి కిందికి రాదని గుర్తుంచుకోవాలి.

ఇంటి మీటరు మీద ఊళ్లో వాళ్ల కార్లకు డబ్బు తీసుకుని ఛార్జింగ్ పెట్టడం మరొక తప్పు. డబ్బు తీసుకుని ఛార్జింగ్ పెట్టడానికి లైసెన్సు అక్కరలేదు. ఛార్జింగ్ అనేది విద్యుత్తు అమ్మకం కాదు, ఒక సేవ అని కేంద్రం 2018 ఏప్రిల్‌లోనే వివరణ ఇచ్చింది. కానీ అందుకు తగిన విభాగంలో కనెక్షన్ ఉండాలి.

పల్లెల్లో పొంచి ఉన్న పొరపాటు ఇంకొకటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో వ్యవసాయ పంపుసెట్లకు ఉచిత విద్యుత్తు ఇస్తున్నారు. పొలం దగ్గర స్టార్టరు పెట్టె నుంచి తీగ లాగి స్కూటరో, కారో ఛార్జి చేసుకోవడం కొందరికి సహజంగానే తోస్తుంది. సేద్యానికని ఇచ్చిన విద్యుత్తును వాహనానికి వాడడం 126వ సెక్షన్ పరిధిలోకి సూటిగా వస్తుంది. తీగ లాగేటప్పుడు జరగగల ప్రమాదం సంగతి సరేసరి.

విడి మీటరే చవక

సెల్లార్ వివాదానికి తేలికైన పరిష్కారం ఉంది. దాని గురించి తెలిసినవారు తక్కువ. 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్తు వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం విద్యుత్తు వాహనం ఛార్జింగ్ కోసం వినియోగదారుడు విడిగా కనెక్షన్ కోరవచ్చు. కొత్త కనెక్షన్ ఇచ్చే గడువును కూడా అప్పుడే తగ్గించారు. మహానగరాల్లో 3 రోజులు, ఇతర పురపాలక ప్రాంతాల్లో 7 రోజులు, గ్రామీణ ప్రాంతాల్లో 15 రోజులు.

విడి మీటరు ఖర్చు ఎందుకని సందేహించేవారు రేట్ల పట్టిక చూడాలి. ఇళ్లకు శ్లాబుల పద్ధతి ఉంది. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 సంవత్సరానికి నియంత్రణ మండలి ఖరారు చేసిన పట్టికలో గృహ వినియోగదారుడు నెలకు 400 యూనిట్లు దాటితే ఆపై ప్రతి యూనిట్‌కు 9.75 రూపాయలు. అదే పట్టికలో విద్యుత్తు వాహనాల ఛార్జింగ్ విభాగానికి యూనిట్ 6.70 రూపాయలు. రెండు ఏసీలున్న ఇంటికి వేసవిలో కారు తోడైతే ఆ 180 యూనిట్లూ పై శ్లాబులోనే పడతాయి. లెక్క వేస్తే నెలకు 1,755 రూపాయలు. విడి విభాగంలో అయితే 1,206. తేడా ఐదు వందల పైచిలుకు. తక్కువ విద్యుత్తు వాడే చిన్న కుటుంబానికి ఈ లెక్క తిరగబడవచ్చు. వారికి ఇంటి మీటరే మేలు. ఎవరికి వారు తమ పాత బిల్లులు ముందు పెట్టుకుని చూసుకోవలసిన లెక్క ఇది. రేట్లు ఏటా మారే అవకాశం ఉన్నందున దరఖాస్తు చేసే నాటి పట్టికను పంపిణీ సంస్థ కార్యాలయంలో అడగడం మంచిది.

కొన్ని సంఘాలు మధ్యేమార్గంగా సొంత ఫ్లాటు మీటరు నుంచే సెల్లార్‌లోని తమ పార్కింగ్ గడికి తీగ లాక్కోవడానికి ఒప్పుకుంటున్నాయి. మీటర్ల బోర్డు సాధారణంగా సెల్లార్‌లోనే ఉంటుంది కనుక తీగ పొడవు పెద్దగా ఉండదు. ఇది న్యాయమైన ఏర్పాటే. కాకపోతే మంజూరైన లోడు సరిపోతుందో లేదో చూసుకోవాలి. ఒక్కో కారు 3.3 కిలోవాట్లు. ఐదు కార్లు ఒకేసారి తగిలిస్తే 16.5 కిలోవాట్లు. సాయంత్రం ఏడింటికి అందరూ ఇళ్లకు చేరి ఏసీలు, గీజర్లు, కార్లు ఒక్కసారే వేస్తే భవనం ట్రాన్స్‌ఫార్మరు మీద పడే భారం సామాన్యం కాదు. రాత్రి పదకొండు దాటాక మొదలయ్యేలా కారులోనే సమయం అమర్చుకోవచ్చు. ఆ సదుపాయం చాలా కార్లలో ఉంది, వాడేవారే తక్కువ.

కాదు పొమ్మంటే ఏమవుతుందో బెంగళూరు చూపింది. 2021లో అక్కడ ఒక అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ వద్ద సాకెట్టుకు సంఘం ఒప్పుకోకపోవడంతో ఒక నివాసి తన విద్యుత్తు స్కూటరును లిఫ్టులో ఐదో అంతస్తుకు ఎక్కించి వంటగదిలో ఛార్జి చేసుకున్నారు. ఆ ఫొటో చూసి దేశమంతా నవ్వుకుంది. సెల్లార్‌లో ప్రమాదమని భయపడిన సంఘం ఆ బ్యాటరీని గ్యాస్ పొయ్యి పక్కకు చేర్చిందన్నది నవ్వుకోవలసిన విషయం కాదు.

కొత్తగా కట్టే భవనాలకు ఈ తగవు రాకూడదన్న ఉద్దేశంతోనే కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వశాఖ 2019 ఫిబ్రవరిలో నమూనా భవన నిబంధనలను సవరించింది. పార్కింగ్ సామర్థ్యంలో 20 శాతానికి ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలని, భవనం విద్యుత్తు లోడును అందుకు తగ్గట్టు లెక్కించాలని అందులో ఉంది. అవి నమూనా నిబంధనలే. ఫ్లాటు కొనేవారు వాస్తు గురించి అడిగే ప్రశ్నల్లో పదో వంతు దీని గురించి అడిగినా నిర్మాణదారులు దారికి వస్తారు.

సాకెట్టు వేడెక్కితే..

ఇక అసలు విషయానికి వద్దాం. గీజరు 15 ఆంపియర్ల సాకెట్టు మీదే నడుస్తుంది, ఇస్త్రీ పెట్టె కూడా అంతే, కారుకు మాత్రం కొత్త తీగ ఎందుకు అని ఇంటి యజమానులు అడుగుతారు. గీజరు 20 నిమిషాల్లో కట్టేస్తాం. ఇస్త్రీ పెట్టె వేడెక్కగానే తనంతట తాను ఆగుతుంది. కారు మాత్రం 14 ఆంపియర్లకు పైగా కరెంటును ఎనిమిది గంటల పాటు ఎడతెగకుండా లాగుతుంది. సాకెట్టు లోపలి ఇత్తడి పట్టీలు పాతబడి వదులైతే అక్కడ నిరోధం పెరుగుతుంది. పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. వదులైన చోట ఓమ్‌లో పదో వంతు నిరోధం ఉన్నా సుమారు 20 వాట్ల వేడి పుడుతుంది. రేడియో మరమ్మతు చేసేవారి సోల్డరింగ్ ఐరన్ వేడి దాదాపు అంతే ఉంటుంది. అలాంటిదాన్ని ప్లాస్టిక్ సాకెట్టులో గుచ్చి రాత్రంతా వదిలేసినట్టు ఊహించుకుంటే పరిస్థితి అర్థమవుతుంది. ప్లగ్గు పిన్నులు గోధుమరంగుకు తిరగడం, సాకెట్టు అంచు మెత్తబడడం, కాలిన వాసన రావడం దీని గుర్తులు. ఛార్జింగ్ మొదలుపెట్టిన అరగంటకు ప్లగ్గును తాకి చూస్తే చాలు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ సాకెట్టును ఇక వాడకూడదు.

కారు సాకెట్టుకు మీటరు నుంచి నేరుగా విడి తీగ రావాలి. అది నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయితే నిశ్చింత. దానికి సొంత ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సుల జోలికి అసలు పోకూడదు. చుట్టగా చుట్టి ఉన్న తీగ వేడిని బయటికి పోనివ్వదు. కిటికీ గుండా తీగ వేలాడదీసి వీధిలో కారు ఛార్జి చేసే దృశ్యాలు పట్టణాల్లో కనిపిస్తున్నాయి. వాన చినుకు పడిననాడు ఆ దారిన నడిచే పిల్లల గురించి ఆలోచించాలి.

ఎర్తింగ్ గురించి మరికొంత చెప్పుకోవాలి. కారుతో వచ్చే ఛార్జరు తీగ మధ్యలో ఒక చిన్న పెట్టె ఉంటుంది. సాకెట్టులో ఎర్త్ సరిగా లేదని అది గమనిస్తే ఛార్జింగ్ మొదలుపెట్టదు, ఎర్ర దీపం వెలిగిస్తుంది. మన పాత భవనాల్లో ఎర్త్ పిన్ను చాలా చోట్ల అలంకారమే. గొయ్యి తవ్వి, రాగి పలకో ఇనుప గొట్టమో పాతి, బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలంలో నీళ్లు పోసే శ్రద్ధ ఎప్పుడో పోయింది. దాంతో ఎర్ర దీపం ఆర్పడానికి కొందరు ఎలక్ట్రీషియన్లు దగ్గరి దారి చూపుతున్నారు. సాకెట్టులో న్యూట్రల్ తీగను, ఎర్త్ పిన్నును కలిపేస్తున్నారు. దీపం ఆరుతుంది, కారు ఛార్జి అవుతుంది, అందరూ సంతోషిస్తారు. ఏదో ఒకనాడు ఎక్కడో న్యూట్రల్ తెగితే మాత్రం 230 వోల్టులు కారు లోహపు దేహానికి చేరతాయి. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు పట్టుకున్నవారి ప్రాణం పోవచ్చు. పెట్టె ఎర్ర దీపం వేయడం దాని లోపం కాదు. అది తన పని తాను చేస్తోంది. పెట్టెను ఏమార్చే ఎలక్ట్రీషియన్‌ను కాక, ఎర్త్ గొయ్యి తవ్వించే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

మంటల భయం

సంఘాల అభ్యంతరాల వెనుక డబ్బు కంటే భయమే ఎక్కువ. ఆ భయానికి కారణం లేకపోలేదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇళ్లలో స్కూటరు బ్యాటరీలు పేలి ఇద్దరు మరణించారు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో విద్యుత్తు స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలు లేచి, పొగ పై అంతస్తుల్లోని హోటల్‌కు ఎక్కడంతో ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత బ్యాటరీల భద్రత ప్రమాణాలను కేంద్రం కఠినం చేసింది. 2022 డిసెంబరులో ఒక విడత, 2023 మార్చి చివర మరో విడత అవి అమల్లోకి వచ్చాయి.

ఏప్రిల్ ఘటనలు రెండూ స్కూటరు బ్యాటరీలవి, ఇళ్ల లోపల జరిగినవి. కారు బ్యాటరీ వాహనం అడుగున గట్టి పెట్టెలో ఉంటుంది. దాని ఉష్ణోగ్రతను కారే గమనించుకుంటూ ఉంటుంది. సెల్లార్‌లో కారుకు సంబంధించి ముందుగా అనుమానించవలసింది గోడలోని సాకెట్టును, తీగను. అలాగని బ్యాటరీ ఎన్నడూ అంటుకోదని భరోసా ఇవ్వడం కూడా అబద్ధమే అవుతుంది. అంటుకుంటే ఆర్పడం కష్టం, పొగ విషపూరితం. అందువల్ల ఛార్జింగ్ గడిని మెట్లకు, లిఫ్టుకు, జనరేటరు డీజిలు పీపాలకు దూరంగా, గాలి ఆడే ర్యాంపు వైపు ఎంచుకోవాలి. సరఫరా మొత్తం ఆపే స్విచ్చి ఎక్కడుందో వాచ్‌మన్‌కు తెలిసి ఉండాలి. సాకెట్టు వద్దనడం కంటే ఈ జాగ్రత్తలు అడగడం సంఘాలకు మేలు. వద్దంటే జనం వంటగదుల్లోకి పోతున్నారు.

స్తంభానికే సాకెట్టు

పొరుగున ఉన్న కేరళ బహిరంగ సాకెట్టుకు ఒక చక్కని రూపం ఇచ్చింది. అక్కడి విద్యుత్తు బోర్డు 2021లో కోజికోడ్‌లో వీధి స్తంభాలకే మీటరున్న సాకెట్లు అమర్చి చూసింది. తరువాత రాష్ట్రమంతటా వెయ్యికి పైగా పెట్టారు. ముఖ్యంగా ఆటోలకు, ద్విచక్ర వాహనాలకు ఉద్దేశించినవి. సెల్‌ఫోన్‌లో ముందుగా డబ్బు వేసుకుని, సాకెట్టును తెరిచి, వాడుకున్న యూనిట్లకే చెల్లిస్తారు. ఇలాంటి చిన్న ఛార్జింగ్ పరికరం 3,500 రూపాయలకే రావాలన్న లక్ష్యంతో నీతి ఆయోగ్, శాస్త్ర సాంకేతిక విభాగం 2021లో ప్రమాణాలు తయారు చేయించాయి. ప్రధాన రహదారుల మీద లక్షలు పోసి పెట్టే వేగవంతమైన ఛార్జర్లకు వాటి అవసరం వాటికుంది. ప్రయాణంలో ఉన్నవాడికి గంటలో పని కావాలి. కానీ కారు రోజులో అత్యధిక సమయం నిలిచే ఉంటుంది. నిలిచిన చోట నెమ్మదిగా నింపే, మీటరున్న సాకెట్టు వరుసగా పది ఉంటే ఒక పెద్ద ఛార్జరు కంటే ఎక్కువ మందికి పనికివస్తుంది. మన పురపాలక సంఘాలు, ఆర్టీసీ బస్టాండ్లు, దేవస్థానాల పార్కింగ్ స్థలాలు ఈ దిశగా ఆలోచించడం లేదు. ఛార్జింగ్ స్టేషన్ అనగానే శిలాఫలకానికి తగినంత పెద్దది కావాలన్న ధోరణి ఇంకా పోలేదు.

పగటిపూట కార్లు నిలిచేది కార్యాలయాల్లో. 2024 సెప్టెంబరులో కేంద్రం జారీ చేసిన మార్గదర్శకాలు బహిరంగ ఛార్జింగ్ కేంద్రాలకు ఇచ్చే విద్యుత్తు ధరను సరఫరా సగటు వ్యయంతో ముడిపెట్టాయి. సౌర విద్యుత్తు పుష్కలంగా ఉండే ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు ఆ వ్యయంలో 0.7 వంతు, తక్కిన వేళల్లో 1.3 రెట్లు ఉండాలన్నాయి. ఎండ మన దగ్గర కొదవలేదు. కలెక్టరేట్లు, కళాశాలలు పార్కింగ్ మీద సౌర పలకల కప్పు వేసి కింద మీటరు సాకెట్లు పెడితే నీడకు నీడ, విద్యుత్తుకు విద్యుత్తు.

ఇప్పటికే సాకెట్లున్న చోట మర్యాదల తగవులు మొదలయ్యాయి. ఛార్జింగ్ గడిలో పెట్రోలు కారు నిలిపి సినిమాకు పోయేవారు ఒక రకం. నిండిపోయిన కారును సాయంత్రం దాకా తీయనివారు ఇంకో రకం. తన వంతు కోసం పక్కవాడి ప్లగ్గు పీకేసేవారు మూడో రకం. ప్లగ్గు పీకేముందు కారు అద్దం మీద ఫోన్ నంబరు చీటీ ఉందేమో చూడడం, ఛార్జి పెట్టేవారు ఆ చీటీ ఉంచడం కొన్ని నగరాల్లో అలవాటుగా మారింది. సంఘాలు గంటల చొప్పున వంతులు వేసుకుని సెల్లార్ బోర్డు మీద రాసుకుంటే సరిపోతుంది.

విడి కనెక్షన్ కోరేవారు భవన సంఘం సమ్మతి పత్రం, ఫ్లాటు యాజమాన్య పత్రం, పార్కింగ్ గడి సంఖ్య సిద్ధం చేసుకుని తమ ప్రాంత విద్యుత్తు పంపిణీ సంస్థ వినియోగదారుల సేవా కేంద్రంలో దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తుకు ముందే ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ పరీక్ష చేయించి పెట్టుకుంటే మీటరు బిగించిన రోజే కారుకు ప్లగ్గు పెట్టుకోవచ్చు.